తూకానికి వేసే ముందు

ఇరవై పాతికేళ్ల నాటి కార్ల పత్రికలు అటక నిండా పేరుకుపోతే ఏం చేయాలి? కళ్యాణదుర్గంలో ఎవరినడిగినా ఒకటే జవాబు: పాత పేపర్లాయనకు వేసేయండి. ఆ సలహాలో విసుగు పుట్టించేది దాని తొందర. తర్వాతైనా అవి సరిగ్గా పనికొస్తాయా అంటే అదీ అనుమానమే. దినపత్రిక కాగితం నూనె పీలుస్తుంది కనుకే మిరపకాయ బజ్జీల బండి దగ్గర దానికంత గిరాకీ. ఈ నున్నటి ఆర్ట్ పేపరుకు పైన తెల్లమట్టి పూత ఉంటుంది. నూనె ఇంకదు, బజ్జీ జారుతుంది, పొట్లం మడత నిలవదు. తడి తగిలితే ఆ పూతే పేజీలను అతికించి దిమ్మె చేసేస్తుంది, అందుకే కోస్తా ఊళ్లలో వీటిని దాచడం కష్టం. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడే అనంతపురంలో ఆ బెడద తక్కువ. శెనక్కాయ పంటను ఎండబెట్టే గాలే కాగితాన్ని కాపాడుతుంది. చెదలు పట్టకుండా చూసుకుంటే చాలు.

అంత కాపాడాల్సింది వాటిలో ఏముందంటే, నా ఓటు ప్రకటనలకు. సమీక్షలకు కాదు. ఏ బండి మలుపులో ఎంత ఒరుగుతుందో రాసిన నాలుగు పేజీలు బండితోపాటే ముసలివైపోయాయి. ప్రకటన అలా కాదు. అంబాసిడర్‌కో ఫియట్‌కో డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూసిన రోజుల్లో కంపెనీకి కొనేవాణ్ణి బతిమాలే అవసరమే లేదు. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చినా క్యూ పోలేదు. 1998లో శాంత్రో, మాటిజ్, ఇండికా కొద్ది నెలల తేడాతో దిగాయి. ఓవర్‌డ్రైవ్ పత్రిక పుట్టిందీ ఆ ఏడే, ఆటోకార్ ఇండియా మరుసటేడు. కార్లమ్మేవాడు కొనేవాడి గడ్డం పట్టుకోవడం అప్పుడు మొదలైంది. షారుక్ ఖాన్ శాంత్రో పక్కన నిలబడి నవ్వుతున్న పేజీ ఆ మార్పుకు సాక్ష్యం. వెనక పేజీల్లో చీమ తలకాయంత అక్షరాలతో వేసిన ధరల పట్టిక ఇంకా పెద్ద సాక్ష్యం. మధ్యతరగతి ఇల్లు ఏ రకం కారు దాకా చెయ్యి చాపగలిగిందో అందులో వరసగా ఉంటుంది. అందుకే కత్తెర వద్దంటాను. ముచ్చటపడి బొమ్మ కత్తిరించుకుంటే వెనకవైపు పట్టిక రెండు ముక్కలవుతుంది. గ్రంథాలయాలు చేసిన పొరపాటూ ఇదే. బైండు కట్టించేటప్పుడు అట్టలూ ప్రకటనల పేజీలూ దండగని చించేసిన సంపుటాలు ఎన్నో.

నెట్‌లో అన్నీ దొరుకుతాయి కదా అంటారు. బండి బొమ్మ దొరుకుతుంది, నిజమే. ఫలానా నెల సంచిక మొదటి అట్ట నుంచి చివరి అట్ట దాకా దొరకడం వేరే సంగతి. కరువు సీమలో ఇంగ్లీషు కార్ల పత్రికలు ఎవరికి అనే మాటకు జవాబు పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో ఉంది. ఏడాదికి 3 లక్షల కార్లు చేయగల కియా ఫ్యాక్టరీలో 2019 నుంచి సెల్టోస్ తయారవుతోంది. దాని గేటు వైపు చూస్తూ ఐటీఐ చదివే పిల్లలకు ఈ పాత ధరల పట్టికలు వినోదమూ, పాఠమూ. ఇక ఇలాంటివి మహానగరాల్లోనే భద్రంగా ఉంటాయనేవాళ్లకు వేటపాలెం చూపిస్తాను. ఆ చేనేత ఊళ్లో 1918లో మొదలైన సారస్వత నికేతనం, సముద్రపు గాలి పక్కనే ఉండి, పాత తెలుగు పత్రికలు దాచింది. పరిశోధకులే వెతుక్కుంటూ అక్కడికి వెళ్తారు. అన్నీ దాచమనడం లేదు. 1998 నుంచి ఓ అయిదేళ్ల సంచికలు చిరగకుండా మన ఊరి గ్రంథాలయానికిచ్చి, మిగతావి మెకానిక్ షెడ్డుకు పంపొచ్చు. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్న ఊరు ఒక బీరువా అడగడం అత్యాశేమీ కాదు.

అంబాసిడర్ మీద రాసినవి మాత్రం ఒకటి ఉంచితే చాలు. 1958 నుంచి 2014 దాకా ముందున్న జాలీ మారింది, మార్క్ పక్కన అంకె మారింది, నోవా అన్నారు, బండి మాత్రం అదే. చాలాకాలం గేరు స్టీరింగ్ పక్కనే ఉండేది, ముందు సీటు ఒకటే పొడుగు బల్ల. కాగితం మీద బండికి ఐదుగురు. పెళ్లికి బయల్దేరితే ఆ బల్ల మీదే నలుగురు, ఇద్దరి ఒళ్లో పిల్లలు, డ్రైవరు సగం తలుపు అవతల.