మేడమీద కాలువ

జూదాల నగరం లాస్ వేగాస్‌లో ఏ హోటల్లో దిగుదామని 2019లో చెల్లెలు అడిగితే, తడుముకోకుండా 'లక్సర్' అన్నాను. 30 అంతస్తుల పిరమిడ్! లిఫ్టు కూడా ఏటవాలుగానే ఎక్కుతుందిట.

"సమాధిలో పడుకోమంటావట్రా?" అంది అమ్మ.

సరే... 'వెనీషియన్' ఖాయమైంది. అచ్చం సినిమా సెట్టింగే! పైన రంగులేసిన ఆకాశం, మేడమీద కాలువ, అందులో పడవలు. అద్దెకి తోడు రిసార్టు ఫీజని వేరే వడ్డన! జేబు సంగతి అడక్కండి.

జూదం హాల్లోకి తొంగైనా చూడని అమ్మ, కాలువగట్టున గంటసేపు నిలబడిపోయింది. మార్కాపురంలో ట్యాంకరు కోసం బిందెలు వరసపెట్టిన మనిషి మరి!

"ఇదెప్పుడు కట్టార్రా?"

"1999లో."

"మన వెలిగొండ ప్రాజెక్టుకి శంకుస్థాపన?"

"1996లో."

అమ్మ కాసేపు మాట్లాడలేదు.

"ఇవి మంచినీళ్ళేనా?" అంది చివరికి.