పటమెంత? యంత్రమెంత?

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. పటాల డేటాబేసుకు సర్వరు కొని చూడు అనే మూడో మాట వాళ్ళు చేర్చలేదు. ఆ లోటు నా అనుభవంతో పూరిస్తున్నాను.

మా శాఖవారు జిల్లాలోని చెరువుల పటం ఒకటి తయారుచేసి, కాలేజీలో ఏ గదినుంచైనా చూసే వీలు కల్పించాలని తలపెట్టారు. దానికి పునాది ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్. 2004లో ఇంగ్లండులో మొదలై, ప్రపంచమంతటా ఔత్సాహికులు తలా ఒక చేయి వేసి గీస్తున్న పటం అది. ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. “యంత్రం సంగతి నువ్వు చూడవోయ్” అన్నారు మాస్టారు. ఉన్న సొమ్ము తక్కువ. అందులో ఏమైనా మిగిలితే విద్యార్థులను ఊళ్ళకు పంపి, చెరువుల పేర్లు రాయించుకు రావాలని ఆయన ఆశ. ఆ ఆశ నా అంచనా మీద ఆధారపడి ఉందన్న సంగతి అప్పుడు నా బుర్రకెక్కలేదు.

భారతదేశం మొత్తం పటం ఫైలు సుమారు ఒకటిన్నర గిగాబైట్లు. ఓస్, ఇంతేనా, ఒక సినిమా పాటి లేదే అనుకున్నాను. లాబులో మూలపడి ఉన్న కంప్యూటరు, 8 గిగాబైట్ల మెమొరీ, పాత హార్డుడిస్కు - ఇవే చాలునన్నాను. శుక్రవారం సాయంత్రం ఎక్కించడం మొదలుపెట్టి ఇంటికి పోయాను. సోమవారం వచ్చి చూస్తే ఇంకా రోడ్ల దగ్గరే కొట్టుమిట్టాడుతోంది. మధ్యాహ్నానికి మెమొరీ చాలక ఆగే పోయింది.

కారణం తర్వాత తెలిసింది. ఆ ఫైలు కుదించి కట్టిన మూట. విప్పితే ఎన్నో రెట్లు పెరుగుతుంది. దానిమీద సూచికలు వేరే. పైగా ఆ పటంలో రోడ్డంటే గీత కాదు, బిందువుల నంబర్ల వరస. గీత గీయాలంటే ప్రతి నంబరుకూ అక్షాంశ రేఖాంశాలు వెతికి తేవాలి. అవి మెమొరీలో పట్టకపోతే డిస్కుమీదికి పరుగెత్తాలి. నిమిషానికి 7,200 చుట్లు తిరిగే హార్డుడిస్కు సెకనుకు ఓ వంద చోట్ల వెతకడమే గగనం. ఎస్ఎస్‌డీ అయితే వేల చోట్ల వెతుకుతుంది. కోట్ల బిందువులు ఎదురైతే ఆ ముసలి డిస్కు ఏం చేస్తుంది పాపం!

ఒకసారి దెబ్బతిన్నవాడు అతిజాగ్రత్తకు పోతాడు. ప్రపంచ పటమంతా ఎక్కించుకునేవారికి 128 గిగాబైట్ల మెమొరీ, టెరాబైటు మించిన ఎస్ఎస్‌డీ ఉంటే మంచిదని చదివాను. అంతకు తగ్గకుండా, 32 కోర్ల ప్రాసెసరుతో సహా, ఇండెంటు రాసి మాస్టారి ముందు పెట్టాను. ఆయన కళ్ళజోడు సవరించుకుని మూడే ప్రశ్నలు వేశారు.

“ఎంతమంది చూస్తారు? ఎంత నేల చూస్తారు? అది ఎన్నాళ్ళకోసారి మారుతుంది?”

ఒక్కదానికీ నా దగ్గర జవాబు లేదు.

“విస్తళ్ళెన్నో తెలియకుండానే గాడిపొయ్యి తవ్వుతావుటోయ్?” అన్నారు. సిగ్గుతో చచ్చాననుకోండి.

ఆ రాత్రి కాగితం, పెన్సిలు పుచ్చుకు కూర్చున్నాను. తెరమీద కనిపించే పటం చదరపు పలకలుగా వస్తుంది. సున్నా మెట్టులో లోకమంతా ఒకే పలక. మెట్టు ఎక్కినప్పుడల్లా ఒక్కొక్కటీ నాలుగవుతుంది. 18వ మెట్టుకు లెక్క సుమారు 6,872 కోట్లు! గుండె ఆగినంత పనైంది. కాని మాకు కావలసింది లోకం కాదు, ఒక జిల్లా. చెరువు గట్టు కనబడటానికి 16వ మెట్టు చాలు. మన ప్రాంతంలో ఆ పలక అడ్డమూ నిలువూ 600 మీటర్లకు కొంచెం తక్కువ. 5,000 చదరపు కిలోమీటర్ల జిల్లా అనుకుంటే 15,000 పలకలు. కింది మెట్లన్నీ కలిపినా 20,000. పలకకు 20 కిలోబైట్ల చొప్పున వేస్తే మొత్తం 400 మెగాబైట్లు. జేబులో పెన్‌డ్రైవులో పట్టే సరుకు!

అంటే బరువంతా ఎక్కించడంలోనూ గీయడంలోనూ ఉంది గాని చూపించడంలో లేదన్నమాట. ఒకసారి గీసి దాచుకుంటే వందమంది చూసినా యంత్రానికి శ్రమ లేదు. చెరువుమీద నొక్కితే పేరు, ఆయకట్టు చెప్పడానికి మాత్రం డేటాబేసు పని చెయ్యాలి. అక్కడైనా కోర్లకన్నా ముఖ్యం, తరచు అడిగే సమాచారమూ దాని సూచికా మెమొరీలో పట్టడం.

చివరికి ఆ పాత కంప్యూటరుకే మెమొరీ 16కు పెంచి, చిన్న ఎస్ఎస్‌డీ ఒకటి వేశాం. పెద్ద ఫైలులోంచి మా జిల్లా ముక్కను కత్తిరించి ఎక్కిస్తే, టీ తాగి వచ్చేసరికి పనైపోయింది.

ఆనందంగా మా ఊరు వెతికాను. రోడ్డుంది, ఊరి పేరుంది. మా తాత నీరటిగా ఉండి ఏళ్ళ తరబడి తూము తీసిన చెరువు మాత్రం లేదు. అక్కడంతా తెల్లగా ఉంది. నేను రాసిన ఆ ఇండెంటు మంజూరై ఉంటే ఆ తెల్లటి చోటు ఇంకా వేగంగా తెరమీదికి వచ్చేది, అంతే!

మిగిలిన సొమ్ముతో మేం ఎనిమిదిమందిమి బస్సులెక్కి ఊళ్ళు తిరిగాం. మా ఊరి చెరువుకు గట్టుకు ఇటువాళ్ళు ఒక పేరు, అటువాళ్ళు ఒక పేరు చెప్పారు. రెండూ రాసుకొచ్చి ఎక్కించాం. రెండు పేర్లూ కలిపి వంద బైట్లు కూడా లేవు.

ఈ పని ముందుకు తీసుకుపోబోయే తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ నా మనవి ఒక్కటే. ఇండెంటు రాసేముందు మాస్టారి మూడు ప్రశ్నలూ వేసుకోండి. బస్సు చార్జీలకు కాస్త మిగల్చండి.