పాలు దూడవి

మా మేనల్లుడికి రెండేళ్ల కిందట బాంకాకులో వుద్యోగమయింది. వెళ్లిన కొత్తలో ఫోను చేస్తే చాలు, అక్కడి గుళ్ల గురించీ, పళ్ల గురించీ, మనుషుల మర్యాద గురించీ వూదరగొట్టేవాడు. ఆరు నెలలు గడిచేసరికి స్వరం మారింది.

"మావయ్యా, వీళ్లు దేనికీ కాదనరు. నవ్వుతూ సరేనంటారు. తీరా చూస్తే పని కాదు. అడవులు చూడబోతే వాళ్లకో టిక్కెట్టు ధర, మనకి దానికి కొన్ని రెట్లు. పోనీ నాలుగు డబ్బులు వెనకేసి చిన్న స్థలం కొనుక్కుందామంటే, పరదేశీయుడి పేర భూమి వుండకూడదట! మేడలో వాటా అయితే కొనుక్కోవచ్చు గానీ, పరదేశీయుల వాటాలన్నీ కలిసి ఆ మేడలో నూటికి 49 దాటకూడదు. కొందరు అక్కడి అమ్మాయిల పేర కొని సంసారం పెట్టేస్తున్నారు. అది తప్పా ఒప్పా అని సాయంత్రమయ్యేసరికి మావాళ్లంతా చేరి ఒకటే వాదన!" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. "ఒరే, యీ వాదన నేను నలభయ్యేళ్ల కిందట పెదబయల్లో విన్నానురా" అన్నాను.

"పెదబయలు మన దేశమే గదా మావయ్యా!"

మన దేశమే. మన రాష్ట్రమే. అప్పుడు విశాఖపట్నం జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లా. అయినా పరాయివాడు కావడానికి సముద్రం దాటనక్కర్లేదు. ఘాటీ యెక్కితే చాలు.

నేను టీచరుగా ఆ ఘాటీ యెక్కింది 1984లో. చోడవరం, మాడుగుల దాటి, వంట్లమామిడి మీదుగా మలుపులు తిరిగి తిరిగి, పాడేరు చేరేసరికి కడుపులో వున్నదంతా గొంతులోకి వచ్చింది. అక్కణ్ణించి ముంచింగిపుట్టు పోయే దారిలో పెదబయలు. ఏజన్సీకి బదిలీ అంటే శిక్ష కిందే లెక్క ఆ రోజుల్లో. మా అమ్మ నా పెట్టెలో మలేరియా మాత్రలూ, ఆంజనేయస్వామి పటమూ పక్కపక్కనే పెట్టి పంపింది. రెండింటిలో దేని మీద యెక్కువ నమ్మకమో ఆవిడే చెప్పలేదు.

వెళ్లిన మర్నాడు పొద్దున్నే నాకు కాఫీ కావలసి వచ్చింది. కాఫీకి పాలు కావాలి. యెదురింటి పాకలో మూడు ఆవులున్నాయి. ఇంకేం! చెంబు పుచ్చుకుని వెళ్లాను. ఆ యింటి ముసలావిడ నన్నూ, చెంబునూ కాస్సేపు చూసి, "పాలు దూడవి గదా బాబూ" అంది. డబ్బిస్తానన్నాను. ఆవిడ జాలిగా నవ్వింది. తల్లి పాలకి ధర కట్టే మనిషిని ఆవిడ అదే మొదటిసారి చూడటం కాబోలు. అక్కడ చాలా యిళ్లలో ఆవుల్ని పితకరనీ, అవి నాగలికీ పేడకీ గానీ చెంబుకి కాదనీ తరవాత తెలిసింది. ఆ పూట మాత్రం, 'చూశారా, పాలు పితకడం కూడా తెలియని జనం!' అనుకుంటూ వెనక్కి వచ్చాను.

సాయంత్రం కిరాణా షావుకారు అరుగు మీద మా మహాసభ. పై వూళ్లనుంచి వచ్చినవాళ్లమే అందరమూ: నేనూ, యింకో యిద్దరు టీచర్లూ, ఒక కాంపౌండరుగారూ, ఒక ఫారెస్టు వుద్యోగీ, అరుగు యజమాని షావుకారూ. మాకు కాలక్షేపం పేకాట కాదు, గోడు. ఒకాయన ఇల్లు కప్పడానికి రమ్మంటే సరేనన్నవాడు నాలుగు రోజులయినా రాలేదు. వాళ్ల చుట్టాల వూళ్లో పండగట. ఇంకొకాయన జీపుని ఇటుకల పండగలో ఆడవాళ్లు దారికి అడ్డంగా దుంగ పెట్టి ఆపి, పాట పాడి, పాటకింతని రాబట్టారు. చైత్రంలో మగవాళ్లు వేటకి పోతారు, ఆడవాళ్లు దారులు కాస్తారు, బడిలో నా ముందు బెంచీలు మిగులుతాయి.

అన్నిటికంటె పెద్ద గోడు 'నువ్వు' అనడం. "నిన్నగాక మొన్న పుట్టిన కుర్రాడు నన్ను పట్టుకుని, నువ్వేటి సేస్తన్నావు కాంపౌండరూ, అంటాడండీ!" అని ఆయన రోజుకోసారి వాపోయేవాడు. తండ్రినైనా, దేవుణ్ణైనా, కలెక్టరునైనా నువ్వు అనడమే వాళ్ల అలవాటు. మనం మాత్రం? దేవుణ్ణి మనమూ నువ్వనే అంటాం, ఆయన యెన్నడూ కోప్పడలేదు. పైగా ఆ కాంపౌండరుగారే తండ్రి వయసున్న మనిషిని "ఒరే, యిటు రారా" అని పిలవడం నేను రోజూ వింటూనే వున్నాను. నేనూ పిలిచాను. వాళ్ల 'నువ్వు'లో తక్కువ చెయ్యడం లేదు, మా 'ఒరే'లో వుంది. యీ సంగతి ఆ అరుగు మీద యెవరికీ తట్టలేదు. నాకు తట్టడానికి మూడేళ్లు పట్టింది.

"పిల్లలు మొద్దులు" అన్నది టీచర్ల గోడు. నా తరగతిలో ఒక ఆడపిల్ల వుండేది. యేడాదంతా నోరు విప్పలేదు. పలక మీద గుండ్రంగా అక్షరాలు దిద్దేది, యేమడిగినా కిందికి చూసేది. మందబుద్ధి అని రాసిపెట్టుకున్నాను. ఒకరోజు సంతలో ఆ పిల్ల వాళ్లమ్మ పక్కన నిలబడి, పిప్పళ్లు కొనేవాడితో ఒడియా మాటలో దెబ్బలాడుతోంది. ఆ లెక్కా, ఆ నోరూ చూసి నిర్ఘాంతపోయాను. మందబుద్ధి ఆ పిల్లది కాదు. ఆ పిల్ల మాట ఒక్కటీ నేర్చుకోకుండా జీతం పుచ్చుకున్నవాడిది. తరవాత 2000లో షెడ్యూల్డు ప్రాంతాల్లో టీచరు వుద్యోగాలన్నీ అక్కడి గిరిజనులకేనని జీవో 3 వచ్చినప్పుడు మావాళ్లు చాలామంది మండిపడ్డారు. నూటికి నూరూ ఒకరికే యివ్వడం చెల్లదని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసినప్పుడు కొందరు సంతోషించారు. న్యాయశాస్త్రం నాకు రాదు. ఆ పిల్ల పలక మాత్రం రెండుసార్లూ గుర్తుకొచ్చింది.

సంత గురించి ఒక మాట చెప్పాలి. కొండలమీంచి ఆడవాళ్లు తెల్లవారకముందే బయల్దేరి పసుపూ, పిప్పళ్లూ, చింతపండూ, అడ్డాకులూ, కొండచీపుళ్లూ మోసుకొస్తారు. వాళ్లు సంతకి చేరేలోపునే దారిలో కాసుకుని, గంప దింపించి, 'కొలిచేశాం, యిదిగో డబ్బు' అనే వర్తకులుండేవారు. ఆ కుంచం యెంత పెద్దదో కొలిచినవాడికే తెలియాలి. యీ బాధ తప్పించడానికే 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టారు. మేము దారి కాసేవాళ్లం కాము. కాని చీపురుకట్ట దగ్గర పావలా తగ్గించి అరుగు మీద గొప్పగా చెప్పుకునేవాళ్లం. ఒకసారి ఒకావిడ ధర తగ్గించనంటే, "అబ్బో, తెలివి మీరిపోయారండీ" అన్నాడు ఫారెస్టాయన. ఆవిడ మోసపోతే అమాయకురాలు, మోసపోకపోతే తెలివిమీరినది!

ఇక భూమి సంగతి. యిక్కడే మా మహాసభ రెండుగా చీలిపోయేది.

ఏజన్సీలో భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని 1959లో ఒక రెగ్యులేషన్ చేశారు. 1970లో దాన్ని బిగించారు. దాన్నే '1 ఆఫ్ 70' అంటారు. దాని ప్రకారం అక్కడ గిరిజనుడు కానివాడు భూమి కొనడానికి లేదు. గిరిజనేతరుడు అమ్ముకోవాలన్నా గిరిజనుడికో, గిరిజనుల సహకార సంఘానికో అమ్మాలి. ఆ మాట ప్రభుత్వం కౌళ్లకు యిచ్చే భూములకూ వర్తిస్తుందని 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

"ఇదేం న్యాయమండీ? నేను పుట్టింది యిక్కడ. మా తాత పోయింది యిక్కడ. వూరికి కరువొస్తే అరువిచ్చింది మేము. నా యింటి గోడ మీద నాకు హక్కు లేదంటే యెలా?" అనేవాడు షావుకారు. ఆ మాటలో బాధ వుంది. అబద్ధం కాదు. చట్టం గీత గీస్తే ఆ గీత మీద నిలబడి వున్న మనిషికి కాళ్లు కాలతాయి. మళ్లీ ఆ నోటితోనే, "మీరు బెంగపడకండి మాస్టారూ, ఎవడో ఒకడి పేర పెట్టించేస్తే సరి. అందరూ చేసేదే" అనేవాడు.

అందరూ చేసేదే గదా అని నేనూ దిగాను. 1990 నాటి మాట. ఆ చలీ, ఆ వలిసెపూల పసుపూ అలవాటయిపోయి, కిందికి దిగబుద్ధి కాలేదు. మా వీధి చివర తాత ఒకడుండేవాడు. అతనికో దిబ్బ చేను వుంది. అందులో పది సెంట్లు నేను తీసుకుని ఇల్లు కట్టుకునేటట్టు, కాగితాల మీద మాత్రం అతని పేరే వుండేటట్టు షావుకారు మధ్యవర్తిత్వం చేశాడు. అయిదువందలు బయానా కూడా ముట్టింది. అతని మనవడికి జ్వరమొస్తే రాత్రికి రాత్రి పాడేరు ఆస్పత్రికి తీసుకువెళ్లినవాణ్ణి నేను. కాదనడులే అనుకున్నాను.

వారం తిరక్కుండా తాత మా గుమ్మంలోకి వచ్చి కూర్చున్నాడు. గుడ్డ మూట విప్పి అయిదువందలూ నా ముందు పెట్టాడు. ఒక్క రూపాయి తగ్గలేదు.

"ఏం తాతా, చాలదా?" అన్నాను.

"అది కాదు మాస్టరూ. ఇల్లు నీది, పేరు నాది అంటన్నాడు సావుకారు. రేపు నా మనవడు వొచ్చి, యీ ఇల్లెవుడిది తాతా అంటే, నాను ఏటి సెప్పాల? నీది అంటే సర్కారుకి అబద్దం. నాది అంటే నీకు అబద్దం. నువ్వు బడిలో వాడికి అబద్దం ఆడొద్దని సెప్తన్నావు గదా!"

నేను మాట్లాడలేదు.

"ఉంటానంటే ఉండు. పాక యేస్తాను. ఎవుడు పొమ్మన్నాడు? ఉండడానికి కాయితం ఎందుకు?" అని కొంచెం ఆగి, మెల్లిగా అన్నాడు. "మా అయ్య కూడా ఒక సావుకారిని ఉండమన్నాడు. ఉప్పూ గుడ్డా యిచ్చాడు, ఏలిముద్ర యేయించుకున్నాడు. గెడ్డకాడ పల్లం మాదే. మేం యీ దిబ్బ మీదికి వొచ్చీసేం."

పోతూ పోతూ నా భుజం తట్టాడు. అప్పు యెగ్గొట్టినవాణ్ణి వోదార్చినట్టు.

ఆ క్షణంలోనే నాకు జ్ఞానోదయమైందని రాస్తే బాగుంటుంది. కాలేదు. నెల్లాళ్లు కుమిలాను. "కృతజ్ఞత లేని జాతండీ! మనవణ్ణి బతికించిన విశ్వాసమైనా లేదు" అని అరుగు మీద నేనే అన్నాను. అంతా తలూపారు. ఆ తలూపడం చూస్తుంటే నాకు నా మాట వినపడింది. జ్వరం పిల్లవాణ్ణి నేను మోసింది యెందుకు? పది సెంట్ల బయానాకా? అప్పటికి ఆ మందు ఖర్చు మీద వడ్డీ కట్టింది నేనే. ముసలివాడు బాకీ అనుకోలేదు. మందు మందే, నేల నేలే.

ఏలిముద్రల కథ ఆ ఒక్క తాతది కాదు. కొండవాళ్ల అప్పుల మీద వడ్డీ నూటికి 24 దాటకూడదనీ, అనుమతి లేకుండా వాళ్ల భూములు పైవాళ్లకి పోకూడదనీ మద్రాసు ప్రభుత్వం 1917లోనే చట్టం చేసింది. అప్పు కింద మనిషే చాకిరీకి కట్టుబడే పద్ధతిని 1940లో మరో రెగ్యులేషన్‌తో రద్దు చేసింది. ఒకదాని మీద ఒకటి యిన్ని చట్టాలు యెందుకు కావలసి వచ్చాయి? ప్రతిసారీ మనలో ఒక తెలివైనవాడు 'అందరూ చేసేదే' అని సందు కనిపెట్టాడు గనక. ఆ సందులో నేనూ ఒక కాలు పెట్టినవాణ్ణే.

షావుకారు గోడు అబద్ధం కాదన్నాను. యిప్పటికీ కాదంటాను. మూడు తరాలు పుట్టి పెరిగినవాడికి యేది న్యాయమో తేల్చే శక్తి నాకు లేదు. నేను తేల్చుకోగలిగింది నా సంగతి. ఆ తరవాత ఒక పెంకుటిల్లు అద్దెకి తీసుకుని, 1993లో బదిలీ అయ్యేదాకా అందులోనే వున్నాను. నెల మొదట్లో అద్దె యిచ్చాను. 'ఒరే' మానేశాను. ఒడియా మాటలు కొన్ని నేర్చుకుని తప్పులు మాట్లాడితే పిల్లలు పడీపడీ నవ్వారు. ఆ నోరెత్తని పిల్ల అందరికంటె ముందు నవ్వింది.

ఇదంతా మేనల్లుడికి చెప్పాను. చాలాసేపు పలకలేదు. "అయితే నన్నేం చెయ్యమంటావు మావయ్యా?" అన్నాడు చివరికి.

"అద్దెకుండు. వాళ్ల భాషలో మర్యాద మాటలు ముందు నేర్చుకో, బేరం మాటలు తరవాత. టిక్కెట్టు ధర దగ్గర గొణుక్కో, తప్పులేదు. ఇంకొకరి పేరు మాత్రం అరువు అడక్కు. చుట్టానికి కంచం పెడతారు గానీ వంటింటి తాళం యివ్వరు. ఇవ్వలేదని అలగడం చుట్టరికం కాదు."

మొన్న యెవరో అరకు కాఫీ పొట్లం తెచ్చిచ్చారు. 2019లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చాక పట్నంలో గిరాకీ పెరిగింది. పాలు పొయ్యబోతూ మా ఆవిడ, "మీకు అలవాటు లేదు కదూ!" అని గిన్నె పక్కన పెట్టేసింది. ఆ కొండ మీద నేర్చుకున్న అలవాటు యిది. వుత్త డికాక్షనే తాగుతాను. మొదట్లో చేదు. తరవాత కాఫీ రుచి తెలుస్తుంది.