ఉత్తరాన నక్కనిప్పులు

ఐరోపా పటం ముందు పెట్టుకుని, నార్వే దేశం వెంబడి వ్రేలు పైకి జరుపుకుంటూ పోతే, ఆ దేశపు కొన కొడవలిలాగ తూర్పుకు వంగి రష్యా నెత్తిమీదికి పోతుంది. ఆ కొనలో ఉన్నది వరంగేర్ అనే సముద్రపు పాయ. పేరు విని మన వరంగల్లు అనుకునేరు! ఆ రెండింటికీ ఉన్న చుట్టరికం చెవికి తప్ప చరిత్రకు తెలియదు. ఆ పాయకు దక్షిణపు గట్టున, 70వ అక్షాంశం దగ్గర, బూగోయ్‌నెస్ అని ఒక బెస్తపల్లె ఉంది. జనం ఇంచుమించు రెండువందల మంది. ఒక చర్చి, ఒక రేవు, కొన్ని కొయ్య ఇళ్ళు. అక్కడికి పోయే రోడ్డు అక్కడితో సరి. ఆవల అంతా నీళ్ళే.

ధ్రువకాంతులు చూడడానికి ఇంతకన్న సుఖమైన చోట్లు నార్వేలో లేకపోలేదు. ట్రోమ్సో నగరానికి వెళితే హోటళ్ళున్నాయి, బస్సులున్నాయి, వేళకు కాఫీ ఉంది. అయినా నేను ఈ పల్లెకు పోవడానికి కారణం ఒక పత్రికా ప్రకటన. 1989లో ఈ ఊరివాళ్ళు ఓస్లోనుంచి వెలువడే 'దాగ్‌బ్లాదె' పత్రికలో ప్రకటన వేయించారు. తామందరూ కలిసి వలస పోదలచుకున్నామనీ, ఊరినంతటినీ ఒక్కచోట ఉంచుకోగల తావు దేశంలో ఎక్కడైనా ఉన్నదా అనీ దాని సారాంశం. వరుడు కావలెననీ, ఇల్లు అద్దెకు కావలెననీ ప్రకటనలు చూశాం గాని, ఊరికి ఊరు కావలెనని ఎవరైనా ప్రకటించగా విన్నామా? అంతమాట అనుకున్న ఊరు ఇంకా అక్కడే ఎలా నిలిచిందో చూడాలనిపించింది.

2025 ఫిబ్రవరిలో బయలుదేరాను. ఓస్లోలో ఉద్యోగం చేస్తున్న నా పూర్వ విద్యార్థి ఒకడు, "ఒంటరిగా వద్దు మాస్టారూ, నేనూ వస్తాను" అని సెలవు పెట్టి తోడు వచ్చాడు. ఓస్లోనుంచి కిర్కెనెస్ పట్టణానికి విమానంలో సుమారు రెండు గంటలు. ఆ పట్టణం ఇస్తాంబులు కన్న కాస్త తూర్పున ఉన్నదంటే మీరు నమ్మరు గాని, పటం చూస్తే నమ్ముతారు. అక్కడినుంచి కారు. ఇరుపక్కలా మంచు, మంచులో మరుగుజ్జు బర్చ్ చెట్లు. ఒక మలుపులో రెయిన్‌డీర్లు రోడ్డుకడ్డంగా, మన ఊరి గేదెలంత నిబ్బరంగా నిలుచున్నాయి. హారను మోగిస్తే తలతిప్పి ఒకసారి చూసి, మళ్ళీ తమ ఆలోచనలో తాము పడ్డాయి.

అంత చలిలోనూ ఎదుట సముద్రం గడ్డకట్టలేదు. అట్లాంటిక్ మీదుగా వచ్చే వెచ్చని ప్రవాహం ఈ మూలదాకా ప్రాకి రేవుల్ని కాపాడుతుంది. ఆ ప్రవాహమే లేకపోతే ఇక్కడ బెస్తలూ లేరు, పల్లెలూ లేవు.

ఊళ్ళో అడుగుపెట్టగానే పలకరించింది వాసన. కొయ్యదూలాలమీద కాడ్ చేపలు తలక్రిందులుగా వేలాడుతున్నాయి. ఉప్పు వేయరు, చలిగాలే వాటిని ఎండబెడుతుంది. కాకినాడ దగ్గర పుట్టి పెరిగినవాడికి ఎండుచేపల వాసన పరాయిది కాదు గనుక, నాకు మాత్రం పుట్టింటికి వచ్చినట్టే అనిపించింది.

ఇళ్ళు చూడవలసినవి. ఇందులో విశేషమేమంటే, ఈ ప్రాంతంలో పాత ఇళ్ళు అరుదు. 1944 చివర జర్మను సైన్యం వెనక్కు పోతూ పోతూ ఫిన్‌మార్క్ ప్రాంతాన్ని ఊళ్ళకు ఊళ్ళు తగలబెట్టింది. కిర్కెనెస్ అంతకు ముందే వందలకొద్దీ వైమానిక దాడులకు నేలమట్టమైంది. అక్కడి జనం వేలసంఖ్యలో ఇనుపగని సొరంగంలో తలదాచుకున్నారు. ఆ చీకట్లోనే పిల్లలు పుట్టారు. అటువంటి ప్రళయంలో కాలకుండా మిగిలిన బహుకొద్ది ఊళ్ళలో బూగోయ్‌నెస్ ఒకటి.

నిప్పు వదిలిన ఊరిని ఆకలి పట్టుకుంది. 1980ల చివర ఇక్కడి చేపల ఫ్యాక్టరీ మూతపడింది. పని లేదు, కొనేవాడు లేడు. అప్పుడే ఆ పత్రికా ప్రకటన. కొందరు వెళ్ళిపోయారు గాని, ఊరు మాత్రం లేవలేదు. తరువాత దాన్ని నిలబెట్టినది, మొదట అందరూ తిట్టిపోసిన ఒక పీత. 1960లలో సోవియట్ శాస్త్రజ్ఞులు కమ్చట్కా సముద్రపు రాజపీతను తెచ్చి మూర్మాన్‌స్క్ తీరంలో వదిలారు. అది అడుగున నడుచుకుంటూ 1970లలో నార్వే నీళ్ళలో ప్రవేశించింది. పది కిలోలదాకా తూగే జంతువు. కాళ్ళు చాస్తే మనిషి నిలువు. వలలు చింపింది, వలలోని చేపలు పాడుచేసింది. బెస్తలు నెత్తీ నోరూ కొట్టుకున్నారు. 2002లో దాన్ని వ్యాపారానికి పట్టవచ్చని ప్రభుత్వం అనుమతించింది. ఈనాడు అదే పీత ప్రాణంతో విమానమెక్కి దేశదేశాల భోజనశాలలకు పోతున్నది. శని అనుకున్నది లక్ష్మిగా మారడమంటే ఇదే కాబోలు.

ఇక అసలు సంగతి. ఫిబ్రవరి మధ్యలో అక్కడ సూర్యుడు ఎనిమిదింటికి పొడిచి మూడు కాకముందే క్రుంకుతాడు. నవంబరు చివరినుంచి జనవరి మధ్యదాకా ఆ మాత్రం దర్శనం కూడా ఉండదు. మొదటి రాత్రి మబ్బు. రెండవరాత్రి తొమ్మిది దాటాక మా ఇంటి ముసలాయన తలుపు తట్టి, రమ్మని చేత్తో సైగ చేశాడు.

బయట చలి సున్నకు దిగువ పన్నెండు డిగ్రీలు. ఎదుటి గట్టున వాద్సో పట్టణపు దీపాలు మిణుకుమంటున్నాయి. వాటిపైన బూడిదరంగు చార ఒకటి, పొగలాగ. ఇంతేనా అని పక్కకు చూశాను. నా శిష్యుడి ఫోనులో మాత్రం అదే చార చిలకపచ్చగా ఉంది. చీకట్లో మన కంటికి రంగు అందదు. కెమెరా కన్నుకు ఓపిక ఎక్కువ. మీరు పత్రికల్లో చూసే బొమ్మలు అబద్ధాలు కావు గాని, కంటికి ఎప్పుడూ అంత దక్కదని తెలిసి పోవడం మంచిది.

పావుగంట గడిచింది. ఆ చార ఉన్నట్టుండి కదిలింది. తడిచీర దండెంమీద వేస్తే గాలికి కుచ్చెళ్ళు కదిలినట్టు, ఆకాశం ఈ చివరనుంచి ఆ చివరకు మడతలు మడతలుగా ఊగింది. ఇప్పుడు కంటికే స్పష్టంగా పచ్చన. అడుగు అంచున క్షణకాలం గులాబి రంగు పరుగెత్తింది. మంచు పచ్చబడింది, నీళ్ళు పచ్చబడ్డాయి. మడతలు నడినెత్తికి వచ్చి, గొడుగు విప్పినట్టు నలువైపులా కిరణాలు దిగాయి. ఇంత ఆర్భాటానికీ చప్పుడనేది లేదు. బాణసంచాకు అలవాటుపడ్డ చెవులు ఏదో మోగుతుందని ఎదురుచూస్తాయి, ఏమీ మోగదు. పది నిమిషాల్లో అంతా సద్దుమణిగి, మళ్ళీ ఆ బూడిద చారే మిగిలింది.

ఈ వెలుగు గుట్టు విప్పిన పెద్దల్లో ముఖ్యుడు నార్వేవాడే, క్రిస్టియాన్ బిర్కెలాండ్. 1899లో ఫిన్‌మార్క్‌లోనే హల్దె కొండమీద పరిశీలనశాల కట్టించి, మంచుతుపానుల్లో కూర్చుని ఈ కాంతుల్ని గమనించాడు. గాలి తీసివేసిన గాజుపెట్టెలో అయస్కాంతపు గోళాన్ని ఉంచి, ఎలక్ట్రానులు ప్రసరింపజేసి, ధ్రువాల చుట్టూ వెలుగు వలయాలు పుట్టించి చూపాడు. ఆయన 1917లో పోయాడు. ఆకాశంలో విద్యుత్ప్రవాహాలున్నాయన్న ఆయన మాటను ఉపగ్రహాలు నిజమని తేల్చడానికి మరో అర్ధశతాబ్దం పట్టింది.

సూర్యుడినుంచి ఎడతెగక వీచే విద్యుత్కణాల గాలి భూమి అయస్కాంత క్షేత్రాన్ని ఒత్తి, వెనుకవైపు తోకలాగ సాగదీస్తుంది. ఆ తోకలో కూడిన శక్తి విడివడినప్పుడు ఎలక్ట్రానులు ధ్రువాలవైపు దూసుకువచ్చి, పై వాతావరణాన్ని ఢీకొంటాయి. నూరు కిలోమీటర్లకు పైన ఆక్సిజను పచ్చగా వెలుగుతుంది. రెండువందలు దాటితే ఎర్రన. అడుగు అంచున గులాబి, ఊదా రంగులు నైట్రోజనువి. ఈ కాంతులు ధ్రువం నడినెత్తిన కాక, అయస్కాంత ధ్రువం చుట్టూ ఒక వలయంగా ఏర్పడతాయి. వరంగేర్ ఆ వలయం క్రిందనే ఉన్నది.

సూర్యుడి ఉద్రేకం సుమారు పదకొండేళ్ళకొకసారి పరాకాష్ఠకు వస్తుంది. అటువంటి దశ వచ్చిందని 2024 అక్టోబరులో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. ఆ మే నెల 10వ తేదీ రాత్రి వచ్చిన పెద్ద తుపానుకు లడఖ్‌లోని హన్లేలో కూడా ఆకాశం ఎర్రబడింది. దూరంనుంచి చూస్తే దిఙ్మండలం పైన కనిపించేది బాగా ఎత్తున ఉన్న ఎరుపే. ఈ తుపానుల మూలాన్ని కనిపెట్టడానికి మన శ్రీహరికోటనుంచి 2023 సెప్టెంబరు 2న బయలుదేరిన ఆదిత్య ఎల్-1, పదిహేను లక్షల కిలోమీటర్ల దూరాన సూర్యుడికేసి చూస్తూ ఉంది.

వెలుగు చల్లారాక పొయ్యి దగ్గర కూర్చుని, దీన్ని మీరేమంటారని ముసలాయన్ను అడిగాను. నా శిష్యుడు నార్వే భాషలోకి మార్చి చెప్పాడు. ఆయన నార్వే మాట చెప్పి, కాసేపాగి, నెమ్మదిగా "రెవొన్‌తులెత్" అన్నాడు. అది ఫిన్నిష్ మాట. నక్కనిప్పులు అని అర్థం. నక్క మంచుకొండలమీద పరుగెత్తుతూ తోకతో మంచు చిమ్మితే, ఆ రవ్వలే ఆకాశాన వెలుగుతాయట.

ఈ ఊరివాళ్ళ తాతముత్తాతలు 19వ శతాబ్దంలో ఫిన్లండునుంచి కరువుకు తాళలేక వచ్చినవారు. వాళ్ళను క్వెన్లంటారు, ఈ ఊరికి వాళ్ళు పెట్టుకున్న పేరు ప్యుకెయా. ప్రభుత్వం వాళ్ళ భాషను బడిలోకి రానీయలేదు. నార్వే భాష మాట్లాడి, చదివి, వ్రాయగలవాళ్ళకే సర్కారు భూమి అమ్ముతామని 1902లో చట్టం కూడా చేసింది. ముసలాయన ఇంట్లో నాయనమ్మతో ఒక భాష, బడిలో మరొక భాష మాట్లాడి పెరిగాడు. తన పిల్లలకు మొదటిది నేర్పలేదు. "వాళ్ళయినా బడిలో నలుగురితో సమానంగా ఉండాలనుకున్నాను" అన్నాడు. క్వెన్ భాషకు 2005లో గుర్తింపు వచ్చింది. 2024 నవంబరులో నార్వే పార్లమెంటు సామీలకూ, క్వెన్లకూ, అడవి ఫిన్నులకూ క్షమాపణ చెప్పింది. ఆ సంగతి ఎత్తితే ఆయన తల ఊపి, "మంచిదే. మా నాయనమ్మ వినవలసింది" అన్నాడు.

అక్కడికి పోదలచినవాళ్ళకు రెండు మాటలు. ఫిబ్రవరి, మార్చి, లేదా సెప్టెంబరు, అక్టోబరు మాసాలు అనుకూలం. ఒక్క రాత్రికి పోకండి. నాలుగైదు రాత్రులుంటే గాని మబ్బు దయతలచదు. ఉన్నిబట్ట ఒకటి మందంగా కాక, పలచటివి మూడు పొరలుగా వేసుకోండి. సామీలు ఈ వెలుగుల క్రింద ఈల వేయకూడదంటారు. మీరూ వేయకండి, పెద్దల మాట.

తిరుగు ప్రయాణంలో నా శిష్యుడు చాలాసేపు మాట్లాడలేదు. వాడికి ఏడేళ్ళ కూతురుంది. వాడు తెలుగులో అడిగితే అది నార్వే భాషలో జవాబు చెబుతుంది. ఉన్నట్టుండి, "మాస్టారూ, దీన్ని తెలుగులో ఏమంటారు?" అన్నాడు. ధ్రువకాంతి అంటామని చెప్పాను. మనవాళ్ళు దాన్ని చూడలేదు గనుక మనకు సొంతమాట పుట్టలేదనీ, అది పుస్తకాలవాళ్ళు కూర్చిన మాటేననీ కూడా చెప్పాను.

"అయితే మా పిల్లకు నక్కనిప్పులనే చెబుతాను" అన్నాడు వాడు.

చెప్పరా అన్నాను.