కూతకు ముందు బుగులు

కబడ్డీలో కూతకు పోవడమంటే మాటలు కాదు. గీత దాటిన క్షణం నుంచి 'కబడ్డీ... కబడ్డీ...' ఆగకూడదు. ముప్ఫై సెకన్లలో పని ముగించుకుని వెనక్కి రావాలి. ఎదుట చేతులు చేతులు పట్టుకుని కాచుకున్న జట్టు. కూత ఆగితే అవుట్! అది ఆగేది ఊపిరి చాలక మాత్రమే కాదు, చాలాసార్లు గుండె అదిరి. షాద్‌నగర్ చుట్టుపక్కల బడి పిల్లలను అడిగితే ఈ స్థితికి ఒక్క మాటలో పేరు చెబుతారు... బుగులు. వారం రోజులుగా ప్రాక్టీసులో అందరినీ తాకి వచ్చిన పిల్ల, తీరా పోటీ రోజున 'సార్, బుగులైతుంది' అంటుంది. కొందరు పీఈటీ సార్లు వీపు మీద చరిచి 'ఏం గాదు బిడ్డా, పో' అంటారు. కొందరు నలుగురిలో గట్టిగా తిడతారు. రెండు మందులూ ఒక్కోసారి పనిచేస్తాయి. ఎవరికి ఏది పనిచేస్తుందో మాత్రం ముందుగా తెలియదు.

ఆ చరుపు వెనకా, ఆ తిట్టు వెనకా ఒక శాస్త్రం ఉంది. క్రీడా మనస్తత్వ శాస్త్రం అంటారు. వయసు నూట పాతికేళ్లు దాటింది. చిత్రమేమిటంటే, దాని తొలి ప్రయోగం కూడా పిల్లల మీదే జరిగింది.

అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయంలో నార్మన్ ట్రిప్లెట్ అనే పరిశోధకుడికి సైకిల్ పందేలంటే ఇష్టం. 1897 సీజన్ రికార్డులు ముందేసుకుని చూస్తే, ఒంటరిగా గడియారంతో పోటీపడినవారి కంటే పక్కన మరొకరు ఉన్నప్పుడు తొక్కినవారు వేగంగా వెళ్తున్నట్టు కనిపించింది. ముందు వెళ్లేవాడు గాలిని చీల్చడం వల్లా? లేక పక్కవాడిని చూస్తే వచ్చే పౌరుషం వల్లా? తేల్చుకోవడానికి గాలితో సంబంధం లేని పని ఒకటి కావాలి. చేపల గాలానికి దారం చుట్టే చక్రాలు తెప్పించాడు. నలభై మంది పిల్లలతో ఒకసారి ఒంటరిగా, ఒకసారి జతగా తిప్పించాడు. 1898లో ఫలితాలు అచ్చయ్యాయి. ఇరవై మంది జతగా ఉన్నప్పుడు వేగం పెంచారు. పది మందిలో పెద్ద తేడా లేదు. మిగిలిన పది మంది మాత్రం పక్కన పోటీ కనిపించగానే నెమ్మదించారు. ముఖం ఎర్రబడి, ఊపిరి ఎగదన్ని, చేయి బిగుసుకుపోయింది. అచ్చం బుగులు!

పాఠ్యపుస్తకాలన్నీ ఆ మొదటి ఇరవై మందినే గుర్తుపెట్టుకున్నాయి. 'పోటీ ఉంటే పని బాగా జరుగుతుంది' అని వందేళ్లు పాఠం చెప్పాయి. 2005లో మైఖేల్ స్ట్రూబ్ అనే పరిశోధకుడు ట్రిప్లెట్ అంకెలనే నేటి గణాంక పద్ధతులతో మళ్లీ లెక్కగట్టాడు. తేడా ఉందని గట్టిగా చెప్పేంత బలం ఆ అంకెల్లో దాదాపు లేదని తేలింది. ఒక శాస్త్రానికి పునాదిరాయి అనుకున్నది అంత వదులుగా ఉందన్నమాట. బిగుసుకుపోయిన పది మంది సంగతి తేల్చడానికి చివరికి బొద్దింకలు కావాల్సి వచ్చాయి. నవ్వులాట కాదు. 1969లో రాబర్ట్ జయాన్స్, ఆయన సహచరులు బొద్దింకలను పరుగెత్తించి, తోటి బొద్దింకలను ప్రేక్షకులుగా కూర్చోబెట్టారు. దారి తిన్నగా ఉంటే ప్రేక్షకుల ముందు బొద్దింక వేగం పెరిగింది. మలుపులున్న దారిలో అదే బొద్దింక తడబడింది. ఒంటికి పట్టిన పనిని నలుగురి చూపు పదును పెడుతుంది, ఇంకా పట్టుబడని పనిని చెడగొడుతుంది. ఈ ముక్క తెలిసిన కోచ్, కొత్తగా నేర్చుకుంటున్న పిల్లను ఊరందరి ముందూ తిట్టడు.

ఇంతకీ ఈ తెలివి ఎవరి కోసం? ఆటగాడి కోసమా, ఆటగాడిని ఆడించేవారి కోసమా? ఈ శాస్త్రాన్ని మొదటి నుంచీ వదలని తగాదా ఇదే.

1925లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో కోల్‌మన్ గ్రిఫిత్ క్రీడాకారుల కోసం ప్రయోగశాల పెట్టాడు. బుద్ధిమంతుడు. మైదానంలోకి వెళ్లి చూసేవాడు, ఆటగాళ్లతో మాట్లాడేవాడు. 1932లో ఆ ప్రయోగశాల మూతపడింది. 1938లో షికాగో కబ్స్ బేస్‌బాల్ జట్టు యజమాని, చూయింగ్ గమ్ వ్యాపారి ఫిలిప్ రిగ్లీ ఆయన్ని పిలిచి జట్టును పరిశీలించమన్నాడు. గ్రిఫిత్ ఆటగాళ్లను కొలిచాడు, సినిమా తీశాడు, నివేదికలు రాశాడు. అసలు మ్యాచ్‌లో ఎదురయ్యే పరిస్థితుల్లోనే ప్రాక్టీసు చేయించండి అన్న ఆయన సలహా నేటికీ బంగారం లాంటిది. కానీ జీతం ఇచ్చేది యజమాని, కాగితాలు అందుకునేదీ యజమానే. మేనేజర్ చార్లీ గ్రిమ్ ఆయన్ని తన కుర్చీ కిందకు వచ్చిన గూఢచారిలా చూశాడు, సాగనివ్వలేదు. చరిత్రకారులు గ్రిమ్‌ను మొండివాడిగా రాస్తారు. ఆ అనుమానం మరీ అన్యాయమైనదేమీ కాదు. నా గురించి రాసింది నా పై అధికారి బల్ల మీదకు వెళ్తుందంటే ఎవరు నోరు విప్పుతారు?

1960ల్లో బ్రూస్ ఓగిల్వీ, థామస్ టుట్కో ఇంకో అడుగు వేశారు. 190 ప్రశ్నల పట్టిక తయారుచేశారు. దూకుడు, పట్టుదల, కోచ్ మీద నమ్మకం లాంటి గుణాలకు మార్కులు! జట్లు ఎగబడి కొన్నాయి. విమర్శకులు మాత్రం రెండు ప్రశ్నలు వేశారు. ఆ మార్కులు నిజంగా ఆటను ముందే చెప్పగలవా? పట్టిక నింపితే జట్టులోంచి తీసేస్తారని తెలిసిన కుర్రాడు నిజం రాస్తాడా? మొదటిదానికి గట్టి రుజువు దొరకలేదు. రెండోదానికి జవాబు పరీక్ష రాసిన ఏ పిల్లవాడినడిగినా చెబుతాడు.

మన దగ్గరకు వచ్చేసరికి ఇంకో చిక్కు. ఈ ప్రశ్నపత్రాలన్నీ ఇంగ్లిషులో పుట్టినవి. పోటీకి ముందు కలిగే 'యాంగ్జైటీ'ని కొలిచే పట్టికను తెలుగు చేయాలంటే ఏ మాట వాడాలి? పుస్తకాల వాళ్లు 'ఆందోళన' అంటారు. పాలమూరు పిల్లకు ఆందోళన అంటే బస్టాండు ముందు జెండాలు పట్టుకుని చేసేది. కంగారు వేరు, బెరుకు వేరు, గుబులు వేరు, బుగులు వేరు. గుబులు మనసులో ఉంటుంది, బుగులు కాళ్లలోకి దిగుతుంది. తెలుగు చేసినదాన్ని సంబంధం లేని మరొకరితో తిరిగి ఇంగ్లిషులోకి మార్పించి, అసలుతో సరిచూసుకోవడం పరిశోధకుల పద్ధతి. మంచిదే. అయినా, ఆ రెండో అనువాదకుడు కూడా నగరంలో చదువుకున్నవాడైతే ఆందోళన దగ్గరే ఆగిపోతాడు. తప్పు పట్టుబడదు.

షాద్‌నగర్ నుంచి హైదరాబాద్ సుమారు యాభై కిలోమీటర్లు. 2016 జిల్లాల విభజనలో పట్టణం మహబూబ్‌నగర్ నుంచి రంగారెడ్డికి మారింది కానీ, పిల్ల ఆటలో మెరిస్తే తల్లిదండ్రుల చూపు మళ్లేది అంతకుముందూ ఆ తర్వాతా గచ్చిబౌలి వైపే. అక్కడి గోపీచంద్ అకాడమీలో జరిగిన ఒక సంగతిని గోపీచందే స్వయంగా బయటపెట్టాడు. సింధు స్వభావరీత్యా నెమ్మది. కోర్టులో దూకుడు రావాలంటే అరవాలన్నాడు. ఆమెకు నోరు రాలేదు. అకాడమీలో అందరూ చూస్తుండగా కోర్టు మధ్యలో నిలబడి అరిచేదాకా రాకెట్ ముట్టుకోనివ్వనన్నాడు. ఆమె ఏడ్చింది. చివరికి అరిచింది. 2016 ఆగస్టు 19న రియోలో కరోలినా మరీన్ మీద ఫైనల్ ఆడినప్పుడు ఆ కేక దేశమంతా విన్నది. తొలి గేమ్ 21-19తో గెలిచి, తర్వాతి రెండూ ఓడి రజతంతో తిరిగొచ్చింది. మూడు నెలలుగా ఆమె ఫోన్ తన దగ్గరే ఉందనీ, ఇక ఇచ్చేస్తాననీ గోపీచంద్ చెబితే జనం ముచ్చటపడ్డారు. ఆమెకప్పుడు ఇరవై ఒక్క ఏళ్లు.

ఇది తప్పా? తేలిగ్గా తీర్పు చెప్పలేం. ఆ గురుశిష్యుల మధ్య ఏళ్ల తరబడి పెరిగిన నమ్మకం ఉంది. ఆ అలవాటు తనకు మేలు చేసిందన్నట్టే సింధు మాట్లాడింది. కానీ గెలిచిన కథ కాబట్టే అది మనదాకా వచ్చింది. అదే పద్ధతిలో నలుగురిలో నిలబడి, ఏడ్చి, అరవలేక, మర్నాటి నుంచి మైదానానికి రావడం మానేసిన పిల్ల కథ ఏ పత్రికలోనూ రాదు. ట్రిప్లెట్ ప్రయోగంలోని ఆ పది మందిలాగే ఆమె కూడా లెక్కలోంచి జారిపోతుంది. గురువు చేసిందాని కంటే, దాన్ని చూసి అనుకరించే వంద మంది కోచ్‌లే ఎక్కువ భయం. వాళ్ల దగ్గర కేక మాత్రమే ఉంటుంది, ఆ ఏళ్ల నమ్మకం ఉండదు.

ఆ తర్వాత సింధు పెద్ద ఫైనల్స్‌లో వరసగా ఓడితే 'ఫైనల్ ఫోబియా' అంటూ పేరు పెట్టింది పత్రికలే. 2017, 2018 ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్స్ రెండూ చేజారాయి. మనసు చదవడం రాని వాళ్లంతా ఆమె మనసుకు జబ్బు కనిపెట్టారు. 2019 ఆగస్టు 25న బాసెల్‌లో ఒకుహారాను 21-7, 21-7తో చిత్తు చేశాక ఆ జబ్బు మాట ఎత్తినవాళ్లు లేరు.

నల్గొండ వైపు చూస్తే ఇంకా బరువైన ఉదాహరణ. సాంఘిక సంక్షేమ గురుకులాల నుంచి ఏరిన పిల్లలకు భువనగిరి కొండ మీద తాళ్లతో ఎక్కడం నేర్పారు. వడపోత మీద వడపోత జరిగి చివరకు ఇద్దరు మిగిలారు. 2014 మే 25న నిజామాబాద్ జిల్లా అమ్మాయి మాలావత్ పూర్ణ, ఖమ్మం కుర్రాడు ఆనంద్ ఎవరెస్ట్ ఎక్కారు. పూర్ణకు పద్నాలుగేళ్లు నిండడానికి ఇంకా కొద్ది రోజులుంది. నేపాల్ వైపు నుంచి పదహారేళ్లలోపు వారికి అనుమతి లేదు కాబట్టి టిబెట్ వైపు నుంచి వెళ్లారు. దారిలో మృతదేహాలు చూశానని ఆమె తర్వాత చెప్పింది. ఆ విజయం వేలాది గురుకుల పిల్లల నడుము నిటారు చేసింది. అది చిన్న సంగతి కాదు. అయితే పదమూడేళ్ల పిల్ల 'వెళ్తాను' అన్నప్పుడు, ఆ మాటలో ఆమె ఇష్టమెంత, చుట్టూ ఉన్న పెద్దల ఆశ ఎంత? కొలిచే చక్రం ఏ ప్రయోగశాలలోనూ లేదు.

పెద్దయ్యాక, తానై కోరుకుని సాయం తీసుకోవడం వేరు. చెన్నైలో తెలుగింట పుట్టిన దొమ్మరాజు గుకేశ్ 2024 డిసెంబరు 12న సింగపూర్‌లో డింగ్ లిరెన్‌ను ఓడించి పద్దెనిమిదేళ్లకే ప్రపంచ చదరంగ చాంపియన్ అయ్యాడు. తొలి గేమే ఓడినా నిలదొక్కుకున్నాడు. ఆ పోరుకు ముందు అతనికి మానసికంగా తోడున్నది పాడీ అప్టన్. 2011లో క్రికెట్ ప్రపంచకప్ గెలిచిన భారత జట్టుతోనూ ఈయన ఉన్నాడు. మొదట దక్షిణాఫ్రికా జట్టుకు వ్యాయామ శిక్షకుడు. తనను మెంటల్ కండిషనింగ్ కోచ్ అనిపించుకుంటాడు. ఆయన సంగతి సరే, ఆ బోర్డు మన ఊళ్లలోకి వస్తే? క్లినికల్ సైకాలజిస్టుకు భారత పునరావాస మండలి నమోదు తప్పనిసరి. మెంటల్ కోచ్ అని గోడ మీద రాసుకునేవాడిని మాత్రం పట్టా చూపించమని అడిగేవారు కనిపించరు. ఫీజు కట్టే తండ్రి అడగొచ్చు. ఏం చదివావు? మా పిల్ల నీతో చెప్పుకున్నది కోచ్‌కు చెబుతావా? నాకు చెబుతావా? రెండో ప్రశ్నకు 'చెప్పను' అన్నవాడి దగ్గరే పిల్ల నోరు విప్పుతుంది. తనకూ చెప్పడంటే తండ్రికి కష్టమే, ఓర్చుకోవాలి.

పరిశోధనకైతే రాసిపెట్టిన నియమాలున్నాయి. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం తల్లిదండ్రుల సంతకం ఒక్కటే చాలదు. ఏడు నుంచి పన్నెండేళ్ల పిల్లల అంగీకారాన్ని నోటిమాటగా, ఆపైన పద్దెనిమిది వరకు రాతపూర్వకంగా తీసుకోవాలి. మైదానానికి ఈ నియమం వర్తించదు. హకీంపేట క్రీడా పాఠశాలలో నాలుగో తరగతి ప్రవేశానికి ఎత్తు, బరువు చూస్తారు. ముప్ఫై మీటర్ల పరుగు, ఎగిరి దూకడం, మెడిసిన్ బాల్ విసరడం, ఎనిమిది వందల మీటర్ల పరుగు లాంటివి పెట్టి మార్కులు వేస్తారు. ఆ వరుసలో నిలబడే పిల్లలకు ఎనిమిది, తొమ్మిదేళ్లుంటాయి.