దండ కట్టిన రోజు

కన్నడంలో 'దండ' అంటే జరిమానా. తెలుగులో ఏమిటో చెప్పనక్కరలేదు. మా పెళ్లయిన కొత్తలో, అంటే 1996లో, ప్రొద్దుటూరు నుంచి బెంగళూరు కాపురానికొచ్చిన మా ఆవిడతో పక్కింటి పెద్దావిడ, కరెంటు బిల్లుకు గడువు దాటిపోయింది, ఇక దండ కట్టాల్సిందే అని చెప్పిందట. మా ఆవిడ సాయంత్రానికల్లా పావుకిలో విడిమల్లెలూ, కాస్త మరువమూ తెప్పించి దారం ఉండ ముందేసుకుని కూర్చుంది. కరెంటాఫీసు వాళ్లకు దండ ఎందుకో అర్థం కాలేదు గాని, ఇక్కడి ఆచారం కాబోలు అనుకుందట. ముప్ఫయ్యేళ్లు కావస్తున్నా ఈ మాట ఎత్తితే ఆమెకు కోపం వస్తుంది. నాకు మాత్రం దండ కట్టే యోగం 2024 జూలైలో గాని పట్టలేదు.

ఆ రోజు చిక్కబళ్లాపురం శాఖకు ఇన్‌స్పెక్షన్‌కు వెళ్తున్నాను. బ్యాంకు సంగతి తెలియనివారికి ఒక మాట చెప్పాలి. ఇన్‌స్పెక్షన్‌కు వెళ్లేవాడు నగదు పెట్టె తెరిచే వేళకు అక్కడ ఉండాలి. ముందుగా చెప్పకుండా వెళ్లి, నిలబడి డబ్బు లెక్కపెట్టించాలి. ఆలస్యంగా వెళ్తే ఆ తనిఖీకి అర్థం ఉండదు. మల్లేశ్వరంలో బయల్దేరడమే ఆలస్యమైంది. హెబ్బాళ వంతెన దగ్గర బండి నడిచినంతసేపు మనిషి నడవవచ్చు. అది దాటాక రోడ్డు ఒక్కసారిగా విప్పారుతుంది. బళ్లారి రోడ్డు మీద ఆ విశాలం చూస్తే, అంతసేపూ అణచుకున్న కాలు తనంతట తానే కిందికి దిగుతుంది. బోర్డు మీద 80 అని ఉంది. నేను చూడలేదని అననుగాని, లెక్క చేయలేదు.

"సార్, గాడి సైడ్‌గె హాకి."

తెల్ల చొక్కా, ఖాకీ ప్యాంటు, ఒక పక్కకు మడిచిన టోపీ. (అప్పటికింకా ఆ టోపీలు మారలేదు.) కుర్రవాడు చెయ్యి అడ్డం పెట్టాడు. నా ముందు పసుపు బోర్డు క్యాబ్ ఒకటి అప్పటికే నిలిచి ఉంది. జీపు దగ్గర ఏ.ఎస్.ఐ. గారు నా లైసెన్సు అందుకున్నారు. యాభై దాటిన మనిషి, నా వయసే. నేను కన్నడంలో ఏదో సంజాయిషీ మొదలుపెట్టాను. ఈ ఊళ్లోనే పుట్టి పెరిగినా, తొందరపడినప్పుడు నా కన్నడం తెలుగు యాసలోకి జారుతుంది. ఆయన లైసెన్సు మీద పేరు చూసి, నా ముఖం చూసి, "తెలుగోళ్లా సార్? మాది పావగడ" అన్నారు.

పావగడ గురించి మన పాఠకులకు చెప్పేదేముంది? తుమకూరు జిల్లాలో ఉన్న మాటేగాని, మూడు వైపులా ఆంధ్రదేశమే. నాకు ప్రాణం లేచి వచ్చింది. ఎందుకు లేచి వచ్చిందో ఇక్కడ నిజం చెప్పాలి. ఈ నగరంలో తెలుగును నేను చాలాసార్లు చిల్లర డబ్బులా వాడుకున్నాను. రేషను కచేరీలో వరస తప్పించుకోవడానికీ, ఆసుపత్రిలో ముందుగా చీటీ రాయించుకోవడానికీ, అవతల మనిషి మాటలో తెలుగు వాసన తగిలితే చాలు, జేబులోంచి తీసి బల్ల మీద పెట్టేవాణ్ణి. మన సభల్లో భాష తల్లి అంటాం. కౌంటర్ల దగ్గర నేనామెను పైరవీకి పంపించేవాణ్ణి.

"మా అమ్మమ్మగారిది మడకశిరేనండీ, మీ పక్కనే" అన్నాను. అది సగం నిజం. మా అమ్మ పినతల్లిని మడకశిరకిచ్చారు. ఆయన ముఖం విప్పారింది. మడకశిర సంత, రాగిముద్దలోకి చెనిక్కాయల ఊరుబిండి, ఆ ఏటి వాన, అన్నీ మాట్లాడుకున్నాం. ఇద్దరం ఒకటికి రెండుసార్లు నవ్వుకున్నాం. నేను మెల్లగా లైసెన్సు కోసం చెయ్యి చాచాను.

అప్పుడాయన చేతిలోని యంత్రం నా వైపు తిప్పారు. నా కారు, నంబరు, కింద 97. "యాడికి సార్ ఇంత తొందర?" అని, వెంటనే కన్నడంలోకి మారి, "దండ కట్టబేకు సార్" అన్నారు. ఊరి కబుర్లకు తెలుగు, ఉద్యోగానికి కన్నడం. ఆ మారడంలో కోపం లేదు, మొహమాటమూ లేదు. మా ఆవిడ మల్లెపూలు గుర్తొచ్చి నాకు నవ్వొచ్చింది. ఎందుకు నవ్వుతున్నానో ఆయనకు చెప్పాను. ఆయనా నవ్వారు. నవ్వుతూనే వెయ్యి రూపాయలకు మీట నొక్కారు.

ఇంకొక మాట అడిగి ఉండేవాణ్ణే. నాలుక మీదే ఉంది. కాని ముందున్న క్యాబ్ డ్రైవరు తన వెయ్యీ కట్టేసి కూడా ఇంకా వెళ్లలేదు. కారు తలుపుకు ఆనుకుని మా ఇద్దరి తెలుగూ వింటున్నాడు. వీడు వెళ్లిపోతాడులే అన్నట్టుంది ఆ చూపు. నేను డబ్బు కట్టి చీటీ తీసుకున్నాక గాని అతను బండి ఎక్కలేదు. ఆ చూపే లేకపోతే ఏం జరిగేదో నాకు తెలుసు.

కామర్సు చదివినవాణ్ణి గనుక ఇంటికొచ్చి లెక్క వేశాను. పాతిక కిలోమీటర్ల దూరానికి 80 చొప్పున పోతే పద్దెనిమిది నిమిషాల ముప్పావు. 97 చొప్పున పోతే పదిహేనున్నర. నేను సంపాదించదలచుకున్నది మూడు నిమిషాల పదిహేడు సెకన్లు. ఖర్చు పక్క చూస్తే, 97 మీద బండి సెకనుకు ఇరవై ఏడు మీటర్లు పోతుంది. ఎదుట ఏదో కనబడి, బుర్రకెక్కి, కాలు బ్రేకు మీదికి చేరేసరికి ఒక సెకను ఎటూ పోతుంది. ఇంకో తిరకాసు ఉంది. వేగం 21 శాతం పెరిగితే దెబ్బలోని బలం 21 శాతం పెరగదు, 47 శాతం పెరుగుతుంది. చక్రవడ్డీ గురించి ఖాతాదారులకు ఇన్నేళ్లు పాఠం చెప్పినవాణ్ణి, ఇది మాత్రం నాకు తట్టలేదు.

చట్టం కూడా తిరగేశాను. 1988 మోటారు వాహనాల చట్టంలో 183వ సెక్షన్ అతివేగానిది. మొదటి తప్పుకు రూ. 400 వరకూ ఉండిన జరిమానా, 2019 సెప్టెంబరు నుంచి కార్లకు వెయ్యి మొదలు రెండువేల దాకా పెరిగింది. ఆ సెక్షన్‌లో నాకు నచ్చిన నిబంధన ఒకటుంది. 'వేగంగా పోతున్నాడని నాకనిపించింది' అనే ఒకే ఒక్క సాక్షి మాట మీద ఎవరినీ శిక్షించరాదు, ఆ అంచనాకు యంత్రం ఆధారం ఉండాలి. వోచరు లేనిదే ఎంట్రీ లేదన్నమాట. 1896లో ఇంగ్లండులోని కెంట్ ప్రాంతంలో వాల్టర్ ఆర్నాల్డ్ అనే ఆయన్ని, గంటకు రెండు మైళ్లు పోవలసిన చోట ఎనిమిది మైళ్లు పోయాడని, పోలీసు సైకిలు మీద తరిమి పట్టుకున్నాడు. ఆ వేగానికి పడ్డ జరిమానా ఒక షిల్లింగు. అప్పుడు యంత్రమంటే పోలీసు కాళ్లే.

200వ సెక్షన్ ప్రకారం అక్కడికక్కడే డబ్బు కట్టి కేసు ముగించుకోవడాన్ని కాంపౌండ్ చేయడం అంటారు. మా లెక్కల్లో కాంపౌండ్ అంటే పెరగడం, వీళ్ల లెక్కల్లో ముగియడం.

నాది మాత్రం ముగియలేదు. చీటీ ఇస్తూ ఆయన, "పాతవి రెండు ఉన్నాయి సార్" అన్నారు. మేఖ్రి సర్కిల్ దగ్గర ఎర్రదీపం దాటినందుకు, 2023 అక్టోబరులో ఒకటి, 2024 మార్చిలో ఒకటి, చెరి రూ. 500. కెమెరా పట్టింది, నాకు తెలియదు. ముప్ఫయ్యేళ్లుగా గడువు మీరిన బాకీలకు నోటీసులు సంతకం చేసినవాణ్ణి, నా పేరు మొండిబాకీల పట్టీలో ఉంది.

చిక్కబళ్లాపురం చేరేసరికి నగదు పెట్టె తెరిచి గంట దాటింది. మేనేజరు కాఫీ తెప్పించి, "ట్రాఫిక్కా సార్?" అని అడిగారు. "అవును, ట్రాఫిక్కే" అన్నాను.

పాతవి కట్టేద్దామనే అనుకున్నాను. ఆఫీసులో ఒక మిత్రుడు ఆపాడు. "ఆగండి సార్, మళ్లీ సగానికి సగం రిబేటిస్తారు" అన్నాడు. 2023 ఫిబ్రవరిలో అలాగే ఇచ్చారు గదా! గడువు 11వ తేదీ అనేసరికి ఇన్‌ఫాంట్రీ రోడ్డులోని ట్రాఫిక్ కచేరీ ముందు బాకీదార్లు బారులు తీరారు. మా భాషలో దీన్ని వన్ టైమ్ సెటిల్‌మెంట్ అంటాం. రాని రూపాయి కన్నా వచ్చిన అర్ధరూపాయి మేలు. బ్యాంకరుగా ఆ తర్కం నాకు కొత్త కాదు, నేనే ఎన్నో రాజీలకు సిఫార్సు చేశాను.

కాని ఆ మాట వినగానే నాకు చింతామణి గుర్తొచ్చింది. 2008లో నేనక్కడ ఒక శాఖలో ఉన్నాను. ఆ ఫిబ్రవరి 29న చిదంబరంగారు బడ్జెట్టులో రైతు రుణమాఫీ ప్రకటించారు. అయిదెకరాల లోపువారికి పూర్తి మాఫీ, పైవారు ముప్పాతిక కడితే పావు మాఫీ. 2007 డిసెంబరు 31 నాటికి గడువు మీరి, ఫిబ్రవరి నెలాఖరు దాకా కట్టకుండా ఉన్న బాకీకే ఇది వర్తిస్తుంది. మూడెకరాల టమోటా రైతు ఒకాయన, ఆ డిసెంబరులోనే పాడి ఆవుల జత అమ్మి బాకీ మొత్తం కట్టాడు. నేనే రెండుసార్లు ఊరికి వెళ్లి అడిగి కట్టించాను. ఆయన గట్టు పక్క చేనివాడు కట్టలేదు, వాడికి మొత్తం పోయింది. ఆయన ఒకరోజు శాఖకు వచ్చి, మడత పెట్టిన రసీదు నా బల్ల మీద పెట్టి, "సామీ, ఈ చీటీ మీరే పెట్టుకోని, నా దుడ్డు నాకిచ్చేస్తారా?" అని అడిగాడు. వెటకారం కాదు. అలా చేసే పద్ధతి ఉందేమోనని నిజంగానే అడిగాడు. నేను సర్క్యులరు తీసి తేదీలు చదివి వినిపించాను. ఆయన విని, రసీదు మళ్లీ మడతపెట్టుకుని వెళ్లిపోయాడు.

ఇంత గుర్తుండీ, ఆ సాయంత్రమే నా వెయ్యీ కట్టేశానని రాయగలిగితే బాగుండేది. కట్టలేదు. ఏడాది పైన ఆగాను. మిత్రుడన్నట్టే 2025 ఆగస్టు 23 నుంచి సెప్టెంబరు 12 దాకా సగం రిబేటు ఇచ్చారు. రెండో వారంలో ఇంట్లో కూర్చుని ఫోనులోనే రూ. 500 కట్టాను. వేగానికి పడ్డ వెయ్యి పూర్తిగా కట్టాను, ఎర్రదీపాలకు పడ్డది సగమే కట్టాను. పట్టుకున్న చోట మొత్తం, పట్టుకోని చోట సగం.

మా ఆవిడతో చెప్పాను. "ఐదువందలు మిగిలాయి గదా, ఇప్పుడు నిజం దండ కొనిపెట్టండి" అంది. ఎనిమిదో క్రాసులో మల్లెలు తెచ్చాను. పూలు తురుముకుంటూ, "ఆ రైతు తర్వాతేమయ్యాడు?" అని అడిగింది. 2010లో నాకు బదిలీ అయింది, తర్వాత అటు వెళ్లలేదు. వచ్చే ఏడు ఇన్‌స్పెక్షన్ పట్టీలో చింతామణి శాఖ ఉంది. ఆయన ఖాతా ఇంకా నడుస్తున్నదో లేదో లెడ్జరులో చూడాలి. ఈసారి గంట ముందుగా బయల్దేరతాను.