పాత కంప్యూటరుకు పునర్జీవనం

ఈ పుటలలో నేను సాధారణంగా మధుమేహం, రక్తపుపోటు, మూత్రపిండాల వ్యాధుల వంటి విషయాలు వ్రాస్తుంటాను. ఈసారి ఒక యంత్రం గురించి వ్రాస్తున్నాను. చివరకు ఇదీ వైద్యం దగ్గరకే వచ్చి చేరింది కనుక పాఠకులు ఓపికతో చదువుతారని ఆశిస్తున్నాను.

ఉద్యోగ విరమణ చేసిన రెండేళ్ళకు, 2011లో, నేనొక ల్యాప్‌టాప్ కొనుక్కున్నాను. విండోస్ 7, నాలుగు గిగాబైట్ల ర్యామ్ ఉన్న సామాన్యమైన యంత్రం. ఆరోగ్య కార్యకర్తలకు నేను ఏళ్ళ తరబడి చెప్పిన పాఠాలన్నీ అందులోనే దాచుకున్నాను. పదేళ్ళు దాటేసరికి మీట నొక్కి, కాఫీ త్రాగి వచ్చినా తెర తెరుచుకునేది కాదు. విండోస్ 7కు తయారీదారుల మద్దతు 2020 జనవరి 14తో ముగిసింది. అంటే ఆ తరువాత బయటపడిన భద్రతా లోపాలకు సవరణలు రావు. మరమ్మతు దుకాణానికి తీసుకువెళితే అక్కడి యువకుడు మూత కూడా తెరవకుండానే, "దీనికి వయసైపోయిందండీ డాక్టరుగారూ, కొత్తది తీసుకోండి" అన్నాడు.

ఆ మాట నాకు గుచ్చుకుంది. ఒకప్పుడు అదే మాట నేను ఒక మనిషి గురించి అన్నాను.

ఏరియా ఆసుపత్రిలో పనిచేస్తున్న రోజులలో ఒక వృద్ధురాలిని ఆమె కొడుకు తీసుకువచ్చాడు. మతిమరపు, మందకొడితనం, మలబద్ధకం. ఎండాకాలంలో కూడా దుప్పటి కప్పుకుంటోందని చెప్పాడు. బయట వరుసలో చాలామంది వేచి ఉన్నారు. "వయసు మీద పడింది, ఇంతే" అని బలం మాత్రలు వ్రాసి పంపించివేశాను. ఏడు నెలల తరువాత, మా దగ్గర కొత్తగా చేరిన యువవైద్యురాలు ఆమె బొంగురు గొంతును, ఉబ్బిన ముఖాన్ని గమనించి థైరాయిడ్ పరీక్ష చేయించింది. థైరాయిడ్ స్రావం బాగా తగ్గిపోయి ఉంది. థైరాక్సిన్‌ను తక్కువ మోతాదుతో మొదలుపెట్టి క్రమంగా పెంచారు. కొన్ని నెలలకు ఆమె తనంతట తానే బస్సెక్కి ఆసుపత్రికి వచ్చింది. నన్ను ఒక్క మాట అనలేదు. నేను మొదట చూసిన రోజు ఆమెకు జ్ఞాపకమే లేదు. నాకు మాత్రం ఉంది.

అందుచేత ల్యాప్‌టాప్‌ను ఇంటికి తెచ్చి, హైదరాబాదులో ఇంజనీరింగు చదువుతున్న మనుమడికి ఫోను చేశాను. "తాతయ్యా, ముందు ఏ భాగం చెడిందో చూద్దాం" అన్నాడు. నేను ఆనాడు చేయని పని అదే.

హార్డ్ డిస్కు తన ఆరోగ్యపు చిట్టాను తానే వ్రాసుకుంటుంది. దానిని చదివే ప్రోగ్రాము ఉంటుంది. అందులో చూస్తే డిస్కులో పాడైన భాగాలు పెరుగుతున్నాయని తేలింది. ప్రాసెసరుకు, ర్యామ్‌కు ఏ లోపమూ లేదు. కాకపోతే నేటి బరువైన ప్రోగ్రాములకు ఆ ర్యామ్ చాలదు. కనుక చికిత్స రెండు భాగాలు: తిరిగే పళ్ళెాలున్న పాత డిస్కు స్థానంలో కదిలే భాగాలు లేని ఎస్.ఎస్.డి. అమర్చడం, తేలికైన నిర్వాహక వ్యవస్థను ఎక్కించడం. మేము ఎంచుకున్నది లినక్స్ మింట్‌లో 'ఎక్స్‌ఎఫ్‌సీఈ' అనే తేలిక రూపం. రెండు గిగాబైట్ల ర్యామ్‌తో కూడా అది నడుస్తుంది; నాలుగు ఉంటే సౌకర్యం.

మీరు కూడా ప్రయత్నించదలిస్తే క్రమం ఇది. మొట్టమొదట మీ ఫైళ్ళన్నిటికీ వేరే డిస్కులో నకలు తీసుకోండి. ఆ నకలు తెరుచుకుంటున్నదో లేదో కూడా చూడండి. తరువాత వ్యవస్థను దాని అధికారిక స్థలం నుండి దింపుకొని, ఫైలు సరిగా వచ్చిందో లేదో సరిచూసుకొని, ఎనిమిది గిగాబైట్ల పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. పెన్‌డ్రైవ్‌లో అంతకుముందు ఉన్నదంతా చెరిగిపోతుంది. ఇప్పుడు కంప్యూటరును పెన్‌డ్రైవ్ నుండే ప్రారంభించండి. డిస్కు మీద ఏమీ వ్రాయకుండానే కొత్త వ్యవస్థ తెర మీదకు వస్తుంది. వైఫై, ధ్వని, ప్రింటరు, కెమెరా పనిచేస్తున్నాయేమో తీరికగా పరీక్షించుకోవచ్చు. శస్త్రచికిత్సకు ముందు రోగిని పరీక్షించుకున్నట్లే. అన్నీ సవ్యంగా ఉంటేనే స్థాపించండి. 'డిస్కు మొత్తం చెరిపివేయి' అనే ప్రశ్న దగ్గర మాత్రం ఒక్క క్షణం ఆగండి. అక్కడ 'సరే' అన్న తరువాత వెనక్కి రావడం కష్టం.

కొన్ని పరిమితులూ ఉన్నాయి. విండోస్ కోసమే వ్రాసిన కొన్ని లెక్కల ప్రోగ్రాములు, డిజిటల్ సంతకపు పరికరాలు ఇందులో పనిచేయకపోవచ్చు. 32 బిట్ యంత్రాలకు చాలా లినక్స్ పంపిణీలు మద్దతు మానివేశాయి. లినక్స్‌కు హానికర ప్రోగ్రాముల బెడద తక్కువే గాని, అసలు లేకపోలేదు, నవీకరణలు తప్పనిసరి. బ్యాటరీ ఉబ్బి ఉంటే ఆ యంత్రాన్ని ఛార్జింగు పెట్టవద్దు, బ్యాటరీని గుచ్చవద్దు. నిప్పంటుకునే ప్రమాదం ఉంది.

ఇప్పుడు నా ల్యాప్‌టాప్ అర నిమిషంలో సిద్ధమవుతుంది. అయితే నా పాత పాఠాలను తెరిచినప్పుడు గుండె జారింది. తెలుగుకు బదులు అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు కనిపించాయి. అవి యూనికోడ్ వాడుకలోకి రాకముందు నాటి అక్షరరూపాలతో టైపు చేయించినవి. నకలు చెక్కుచెదరలేదు, చదవడమే కుదరలేదు. అదృష్టవశాత్తు కొన్నిటి అచ్చు ప్రతులు నా బీరువాలో ఉన్నాయి. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేర్చుకొని, రోజుకొక పేజీ చొప్పున తిరిగి టైపు చేస్తున్నాను. మీ దగ్గర అటువంటి పాత తెలుగు ఫైళ్ళుంటే, అవి తెరుచుకునే యంత్రం బ్రతికి ఉండగానే పి.డి.ఎఫ్. రూపంలో దాచుకోండి.

మొదట టైపు చేసిన పాఠం విరేచనాలకు ఓ.ఆర్.ఎస్. గురించినది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఆ ద్రావణంతోనే ఎందరో కలరా రోగులను కాపాడారు. ఉప్పు, చక్కెర, నీళ్ళ ఆ పాళ్ళు ఎవరి గుత్తసొత్తూ కాలేదు. అందుకే పల్లెపల్లెకూ చేరాయి. లినక్స్ కథా అటువంటిదే. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రయత్నాన్ని ప్రకటించారు. 1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ వ్యవస్థకు గుండెకాయ వంటి కెర్నెల్‌ను వెలువరించారు. దానిని ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు.

విండోస్ 10కు సాధారణ మద్దతు కూడా 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు అర్హత లేని యంత్రాలు ఎన్నో ఇళ్ళలో ఉన్నాయి. పారవేసిన ఎలక్ట్రానిక్ వస్తువులను ఆరుబయట విడదీసి కాల్చే చోట సీసం, పాదరసం, కాడ్మియం గాలిలో, మట్టిలో కలుస్తాయి. సీసం పసిపిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నివేదిక ప్రకారం, 2019లో ప్రపంచమంతటా పోగైన 5.36 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థాలలో సక్రమంగా పునర్వినియోగానికి చేరినది 17.4 శాతమే. ఒక యంత్రాన్ని మరో ఐదేళ్ళు వాడుకోవడం చిన్న పనే కావచ్చు, కాని వ్యర్థం కాదు.

చివరిగా వైద్యుడిగా ఒక మాట. మీ ఇంట్లో పెద్దలు మందగించినా, మరచిపోతున్నా "వయసు" అని వదిలివేయకండి. థైరాయిడ్ లోపం, బి12 లోపం, మానసిక కుంగుబాటు, వినికిడి తగ్గడం, వాడుతున్న మందుల ప్రభావం, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. వీటిలో చాలావాటిని సరిదిద్దవచ్చు. అన్నీ నయం కావు, కాని పరీక్షించనిదే తెలియదు. వైద్యుడు మూత తెరవకుండా తీర్పు చెబితే, మరొకసారి చూడమని అడగండి. ఆనాడు ఆ కొడుకు నన్ను అడిగి ఉంటే, ఆమెకు ఏడు నెలలు మిగిలేవి.